రాష్ట్రానికో జెండా ఉండొచ్చా? పర్లాకిమిడి నుంచి ఒక సమాధానం

రాయగడ నుంచి ఒక కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది: "కర్ణాటకకు సొంత జెండా ఉందంటారు, జమ్మూ కశ్మీర్‌కు ఉండేదంటారు. మన దేశంలో రాష్ట్రాలకు అధికారికంగా జెండాలు ఉండొచ్చా? ఉంటే మంచిదేనా? రేపు ఒడిశా కూడా ఒకటి పెట్టుకుంటే ఇక్కడి తెలుగువాళ్ల సంగతేంటి? ఏప్రిల్ ఒకటిన, ఒడిశా అవతరణ దినమైన ఉత్కళ దివస్ నాడు మా వీధి కుర్రాళ్లు పోటీగా ఒక తెలుగు జెండా కుట్టించి కడదామంటున్నారు. కట్టొచ్చా?"

బాబూ, ముందు నా జవాబు చెప్పేస్తాను, తర్వాత కారణాలు చూద్దాం. రాష్ట్రాలకు జెండా ఉండొచ్చు. చట్టం అడ్డు చెప్పదు, దేశం ముక్కలైపోతుందన్న భయానికీ పెద్దగా ఆధారం లేదు. అయితే ఆ జెండా ఆ రాష్ట్రంలో బతికే అందరిదీ కావాలి. ఎక్కువమంది మాట్లాడే భాష జెండానే రాష్ట్ర జెండా చేసేస్తే మనలాంటి సరిహద్దు ఊళ్లకు కష్టం మొదలవుతుంది. ఇక మీ వీధి జెండా సంగతంటారా, వద్దనే నా సలహా. ఎందుకు వద్దో, బదులుగా ఏం చేయొచ్చో చివర్లో వివరంగా రాస్తాను.

నేను ఒడిశా సరిహద్దు పట్నం పర్లాకిమిడివాణ్ణి. రాజనీతి శాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. చెల్లెల్ని అటిచ్చాం, కోడల్ని అటునుంచి తెచ్చుకున్నాం. రాష్ట్రాల హక్కుల గురించి క్లాసులో ఎంత చెప్పినా, సాయంత్రం ఇంటికొచ్చే దారిలో ఆ హక్కులు మాలాంటివాళ్లకు ఎలా తగులుతాయో చూస్తూనే ఉన్నాను. అందుకే ఈ విషయం నాకు పుస్తకాలతో తీరిపోయేది కాదు.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను. రాష్ట్రాలకు జెండా ఉండాలని గానీ, ఉండకూడదని గానీ రాజ్యాంగంలో ఎక్కడా లేదు. జాతీయ జెండాను గౌరవించడం పౌరుల ప్రాథమిక విధి అని 51ఎ అధికరణ చెబుతుంది. 1971 నాటి జాతీయ గౌరవ చిహ్నాల అవమాన నిరోధక చట్టం త్రివర్ణాన్ని అవమానిస్తే శిక్ష వేస్తుంది. 2002 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న ఫ్లాగ్ కోడ్ త్రివర్ణానికి అగ్రస్థానం ఇవ్వాలంటుంది. దానికంటే ఎత్తులో మరో జెండా ఉండకూడదు, ఒకే కర్రకు దానితోపాటు ఇంకో జెండా కట్టకూడదు. ఈ నియమాలు పాటిస్తే పక్కన తక్కువ ఎత్తులో ఇంకో జెండా ఉన్నంత మాత్రాన తప్పు లేదు. పార్టీలకు జెండాలున్నాయి, సైనిక దళాలకు, పోలీసు దళాలకు ఉన్నాయి, గుళ్లకు, కార్మిక సంఘాలకు ఉన్నాయి. ఓటేసి ఎన్నుకున్న రాష్ట్ర ప్రభుత్వానికి మాత్రం లేదు. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఫెడరలిజం, అంటే కేంద్రంతోపాటు రాష్ట్రాలకూ సొంత అధికారాలుండే పద్ధతి, రాజ్యాంగ మూల స్వరూపంలో భాగమని తేల్చింది. రాష్ట్రాలు కేంద్రానికి అనుబంధ శాఖలు కావన్న మాట కూడా ఆ తీర్పులోనే ఉంది.

రాష్ట్రాలకు చిహ్నాలు ఇప్పటికే ఉన్నాయి కదా. ఆంధ్రకు పూర్ణకుంభం, తెలంగాణకు కాకతీయ తోరణం, చార్మినార్. రాష్ట్ర గీతాలూ వరసగా వస్తున్నాయి: ఒడిశా 2020లో, మహారాష్ట్ర 2023లో, తెలంగాణ 2024లో తమ తమ గీతాలను అధికారికం చేసుకున్నాయి. పాట పాడుకుంటే రాని ముప్పు గుడ్డ ఎగరేస్తే వస్తుందని నేను అనుకోను.

అయినా కేంద్రానికి భయం ఎందుకంటే చరిత్ర అలాంటిది. జమ్మూ కశ్మీర్ రాజ్యాంగ సభ 1952 జూన్‌లో ఎర్ర గుడ్డ మీద తెల్ల నాగలి, పక్కన మూడు నిలువు గీతలు ఉన్న జెండాను ఆమోదించింది. మూడు గీతలంటే జమ్మూ, కశ్మీర్, లడఖ్. అదే ఏడాది జరిగిన ఢిల్లీ ఒప్పందం, ఇది జాతీయ జెండాకు పోటీ కాదన్న స్పష్టతతోనే దాన్ని గుర్తించింది. 2019 ఆగస్టులో ప్రత్యేక ప్రతిపత్తి తీసేశాక శ్రీనగర్ సచివాలయం మీంచి ఆ జెండా దిగిపోయింది. నాగా సంస్థలతో చర్చలు ఏళ్ల తరబడి నలగడానికి ఉన్న కారణాల్లో ప్రత్యేక జెండా డిమాండ్ ఒకటి. దాంతో ఢిల్లీలో ఎవరి ముందు రాష్ట్ర జెండా అన్నా ముందు ఈ రెండే గుర్తొస్తాయి. తమిళనాడు ఉదాహరణ ఎవరికీ గుర్తురాదు. 1970లో కరుణానిధి రాష్ట్ర జెండా నమూనా ఒకటి ముందుకు తెచ్చారు, అది ముందుకు సాగలేదు. కాని ఆయన అడిగిన ఇంకోటి సాగింది. అంతవరకు పంద్రాగస్టున రాష్ట్ర రాజధానుల్లో గవర్నర్లే జెండా ఎగరేసేవారు. 1974 నుంచి ఆ హక్కు ముఖ్యమంత్రులకు వచ్చింది. ఇవాళ విజయవాడలో, హైదరాబాదులో, భువనేశ్వర్‌లో ముఖ్యమంత్రి త్రివర్ణాన్ని ఎగరేస్తున్నారంటే దాని వెనక తమిళనాడు పట్టుదల ఉంది. రాష్ట్రం తన గౌరవం అడిగింది, దేశం ఇచ్చింది, ఎవరికీ ఏ నష్టమూ రాలేదు. జెండా చర్చ కూడా ఇలాగే సాగొచ్చని నా నమ్మకం.

ఇక కర్ణాటక. అక్కడ రాష్ట్ర అవతరణ దినమైన నవంబరు ఒకటిన ఆటోల మీద, హోటళ్ల మీద, బస్టాండుల్లో కనిపించే ఎరుపు పసుపు జెండాను 1960ల్లో మ. రామమూర్తి అనే కన్నడ కార్యకర్త రూపొందించారు. అధికారికం కాకపోయినా దశాబ్దాలుగా జనం దాన్ని తమ జెండా అనే అనుకుంటున్నారు. 2017లో అక్కడి ప్రభుత్వం తొమ్మిది మందితో కమిటీ వేసింది. 2018 మార్చిలో పసుపు, తెలుపు, ఎరుపు పట్టీలతో, మధ్యలో గండభేరుండం (రెండు తలల పక్షి) ఉన్న రాష్ట్ర చిహ్నంతో కొత్త జెండా నమూనాను ముఖ్యమంత్రిగా ఉన్న సిద్ధరామయ్య ఆవిష్కరించి ఆమోదం కోసం కేంద్రానికి పంపారు. కేంద్రం ఆమోదం రాలేదు. మధ్యలో తెలుపు ఎందుకు చేర్చారని కొన్ని కన్నడ సంఘాలే అభ్యంతరం చెప్పాయి.

ఇందులో రెండు పాఠాలున్నాయి. యాభై ఏళ్లకు పైగా ఆ ఎరుపు పసుపు జెండా ఎగురుతూనే ఉంది, కర్ణాటకలో దేశం నుంచి విడిపోదామన్న ఉద్యమం ఏదీ రాలేదు. జెండా ఎగరేసిన చేతులే పంద్రాగస్టున త్రివర్ణాన్నీ ఎగరేస్తున్నాయి. కాబట్టి విచ్ఛిన్నం అవుతుందన్న వాదన నాకు బలంగా అనిపించదు. ఆ మాటకొస్తే ఆంధ్రకూ ఒడిశాకూ జెండాల్లేవు, అయినా వంశధార నీళ్ల మీద ట్రిబ్యునల్ దాకా వెళ్లాం, సరిహద్దులోని కొఠియా ఊళ్ల మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లాం. రాష్ట్రాల మధ్య తగువులు నీళ్లు, భూమి, ఉద్యోగాల దగ్గర పుడతాయి. గుడ్డలోంచి పుట్టవు.

రెండో పాఠం బెళగావిది, మనం జాగ్రత్తగా చూడాల్సింది ఇదే. మహారాష్ట్ర తనదంటున్న ఊరు, కర్ణాటకలో ఉంది, మరాఠీ మాట్లాడేవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. బెంగళూరులో పండగ గుర్తుగా ఎగిరే ఎరుపు పసుపు జెండా బెళగావి కార్పొరేషన్ ఆఫీసు ముందు నిలబెట్టేసరికి ఇంకో అర్థం తెచ్చుకుంది. దానికి జవాబుగా మరాఠీవాళ్ల భగవా (కాషాయ) జెండాలు లేచాయి, పోలీసు బందోబస్తు, బంద్‌లు, టెన్షన్. రాజధానిలో ప్రేమగా కనిపించేది సరిహద్దులో హెచ్చరికగా కనిపించింది. జెండా అదే, రంగులు అవే. చూసేవాడి ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్నదే మారింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. బెళగావిలో తగువు పెట్టింది అధికారిక జెండా కాదు. దానికి చట్టం లేదు, నియమం లేదు. ఎవరు కట్టాలి, ఎక్కడ కట్టాలి, ఎప్పుడు దించాలి, చిరిగితే ఏం చేయాలి, ఇష్టం లేనివాడి దుకాణం మీద కట్టొచ్చా అని అడిగితే జవాబు చెప్పే నాథుడు లేడు. ఎవడి చేతిలో కర్ర ఉంటే వాడిదే జెండా. అధికారికం చేస్తే కనీసం అడగడానికి ఒక ప్రభుత్వం ఉంటుంది, కోర్టుకెళ్లడానికి ఒక జీవో ఉంటుంది. నేను రాష్ట్ర జెండాల వైపు మొగ్గడానికి ఇదే అసలు కారణం. జనం గుండెల్లో ఉన్నదాన్ని చట్టం చూడనట్టు నటిస్తే అది వీధిలో బలవంతుడి చేతికి పోతుంది.

బయటి దేశాలు ఏం చేశాయో కూడా కాస్త చూడాలి. అమెరికాలో యాభై రాష్ట్రాలకూ జెండాలున్నాయి. జర్మనీ రాష్ట్రాలకు, స్విట్జర్లాండ్ కాంటన్లకు, ఆస్ట్రేలియా, మలేషియా రాష్ట్రాలకు ఉన్నాయి. వాటి వల్ల ఆ దేశాలు బలహీనపడ్డాయని ఎవరూ అనరు. బ్రెజిల్‌లో మాత్రం ఒక వింత జరిగింది. 1937 నవంబరులో నియంత వర్గాస్ రాష్ట్రాల జెండాలన్నిటినీ నిషేధించి, రియో డి జనీరోలో బహిరంగంగా వాటిని తగలబెట్టించారు. ఒకే దేశం, ఒకే జెండా అన్నారు. ఆయన పాలన పోయాక 1946 రాజ్యాంగం రాష్ట్రాలకు తమ చిహ్నాలు తిరిగి ఇచ్చేసింది. తగలబెట్టిన జెండాల్ని జనం తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ కుట్టుకున్నారు.

ఇది ఒకవైపు. క్యూబెక్ ఇంకోవైపు ఉంది. కెనడాలో ఫ్రెంచివాళ్ల రాష్ట్రం అది. 1948లో నీలం మీద తెల్ల శిలువ, నాలుగు తెల్ల పువ్వులతో సొంత జెండా పెట్టుకుంది. తర్వాత విడిపోదామని 1980లో, 1995లో రెండుసార్లు రెఫరెండం పెట్టారు, రెండుసార్లూ వీగిపోయింది, రెండోసారి వెంట్రుకవాసిలో. ఆ ప్రచారంలో ఆ జెండా ఊరూరా ఎగిరింది. కాబట్టి జెండా ఎప్పుడూ అమాయకమేనని నేను చెప్పను. జనానికి నిజమైన అసంతృప్తి ఉంటే జెండా దానికి చిరునామా అవుతుంది. అయితే ఆ అసంతృప్తిని పుట్టించింది జెండా కాదు, దాన్ని నిషేధిస్తే అసంతృప్తి పోదు కూడా.

నన్ను బాగా ఆలోచింపజేసింది మిసిసిపీ. అమెరికాలోని ఆ రాష్ట్రం 1894లో పెట్టుకున్న జెండా మూలన, బానిసత్వం కోసం యుద్ధం చేసిన దక్షిణాది సైన్యం గుర్తు ఉండేది. రాష్ట్ర జనాభాలో మూడో వంతుకు పైగా నల్లజాతివాళ్లే. తమ తాతల్ని బానిసలుగా ఉంచాలని పోరాడినవాళ్ల గుర్తు కింద వాళ్ల పిల్లలు బడికెళ్లారు, వాళ్ల ఉద్యోగులు ఆఫీసులకెళ్లారు. అలా నూట పాతికేళ్లు. చివరికి 2020లో దాన్ని దించేసి, మాగ్నోలియా పువ్వుతో కొత్త జెండాను ఓటింగుతో ఎంచుకున్నారు. అధికారిక జెండా ఉండటమే న్యాయం కాదని దీన్నుంచి నేర్చుకున్నాను. దాన్ని ఎవరు ఎంచుకున్నారు, ఎవర్ని బయట ఉంచారు అన్నది అడగాలి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఒడిశా 1936 ఏప్రిల్ 1న పుట్టింది. అంతవరకు గంజాం, కొరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. పర్లాకిమిడి జమీందారీని రెండు ముక్కలు చేసి, పట్నాన్ని ఒడిశాలో కలిపి, ఎక్కువ భాగం ఊళ్లను మద్రాసులో ఉంచారు. వ్యావహారిక భాష కోసం, సవర భాష కోసం ఈ ఊళ్లోనే కూర్చుని జీవితమంతా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు అది సహించలేక ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ సరిహద్దు గీత మీద ఇప్పుడు నాకు ఫిర్యాదు లేదు. ఒడియావాళ్లకు తమ రాష్ట్రం రావడం న్యాయం, అది భాష ప్రాతిపదిక మీద వచ్చిన మొదటి రాష్ట్రం. ఉత్కళ దివస్ వాళ్లకు నిజమైన పండగ. మన పిల్లలూ బళ్లో ఆ రాష్ట్ర గీతాన్ని తప్పుల్లేకుండా పాడతారు, నాకు అది వినసొంపుగానే ఉంటుంది. రేపు వాళ్లు ఒక రాష్ట్ర జెండా కావాలంటే అడ్డుపడే హక్కు మనకు లేదు. మనం కూడా ఆ రాష్ట్ర పౌరులం కాబట్టి, అది ఎలా ఉండాలో చెప్పే హక్కు మాత్రం ఉంది.

మా బజార్లో ఒక చీరల కొట్టు ఉంది. యజమాని తెలుగాయన, పాతకాలం నుంచి తెలుగు బోర్డే. దుకాణాల బోర్డుల మీద ఒడియా తప్పనిసరి అన్న నిబంధన వచ్చినప్పుడు పెయింటర్ని పిలిపించి పైవరసలో పెద్దక్షరాలతో ఒడియా రాయించారు, కింద తెలుగు అలాగే ఉంచారు. ఆ పెయింటర్ ఒడియా అతను. తెలుగు అక్షరాలు కాస్త వెలిసిపోయి ఉంటే, పనిలో పనిగా వాటికీ ఒక పూత వేసి, దానికి డబ్బులు అడగలేదు. ఎవరికీ మనసు నొచ్చుకోలేదు. అదే అధికారి వచ్చి తెలుగు తుడిచేయమని ఉంటే ఆ బజారు వేరేలా ఉండేది. చేర్చమని చెప్పే నియమంతో సరిహద్దువాళ్లకు ఎప్పుడూ పేచీ ఉండదు. తీసేయమంటేనే వస్తుంది. రాష్ట్ర జెండానూ నేను ఈ కొలతతోనే కొలుస్తాను.

జెండా మీద ఏముండాలన్నది అంత తేలిక కాదు. ఒడిశాలో ఎవర్ని అడిగినా పూరీ గుడి శిఖరాన ఉన్న నీలచక్రం మీద రోజూ మార్చే పతితపావన బానా కంటే గొప్ప జెండా లేదంటారు. మనవాళ్లూ అదే అంటారు, జగన్నాథుడి విషయంలో తెలుగు, ఒడియా తేడా మాకు ఏనాడూ లేదు. రథయాత్ర నాడు తాడు పట్టుకున్నవాడిది ఏ భాషో ఎవరూ అడగరు. కాని మా గజపతి జిల్లా కొండల మీదికి వెళితే సవర కుటుంబాల్లో చాలామంది క్రైస్తవులు. తమ పూర్వీకుల పూజల్ని వదలనివాళ్లూ ఉన్నారు. వాళ్ల భాష ఒడియా కాదు, తెలుగూ కాదు. కొండల మీద మనకంటే ముందున్నవాళ్లు వాళ్లే. భాష గుర్తు పెడితే మనం బయట, గుడి గుర్తు పెడితే వాళ్లు బయట. నదో, కొండో, ఆ నేల మీద పండే పంటో, పెరిగే చెట్టో పెడితే ఎవరూ బయటికి పోరు. మిసిసిపీవాళ్లు చివరికి పువ్వు దగ్గర ఆగడానికి కారణం ఇదే అయి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

రంగుల దగ్గర ఇంకో జాగ్రత్త. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు అధికార పార్టీ రంగులు వేస్తే హైకోర్టు తీసేయమంది, 2020లో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. తెలంగాణలో 2024లో రాష్ట్ర చిహ్నం మారుస్తామంటే పెద్ద గొడవై ప్రభుత్వం ఆగాల్సి వచ్చింది. అసెంబ్లీలో మామూలు మెజారిటీతో జెండా పెట్టుకోనిస్తే ఐదేళ్లకోసారి రంగు మారుతుంది. మూడింట రెండొంతుల మెజారిటీ ఉండాలి, ప్రతిపక్షం కూడా చెయ్యెత్తాలి. అంతకు ముందు సరిహద్దు జిల్లాల్లో, గిరిజన ప్రాంతాల్లో సభలు పెట్టి జనం మాట వినాలి. బెర్హంపూర్‌లో, రాయగడలో, మల్కన్‌గిరిలో వినకుండా భువనేశ్వర్‌లో తేల్చిన జెండా సగం జెండానే.

బలవంతం అసలు ఉండకూడదు. రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాల మీద, అసెంబ్లీ మీద ఎగరేసుకోవచ్చు. ఇళ్ల మీద, దుకాణాల మీద, భాషా మైనారిటీ బళ్ల మీద ఎగరేయాలని ఎవరూ ఒత్తిడి చేయకూడదు, ఎగరేయలేదని ఎవరి దేశభక్తినీ రాష్ట్రభక్తినీ ప్రశ్నించకూడదు. ఎగరేసుకోవాలనుకున్నవాళ్లను ఆపకూడదు కూడా.

వివాదంలో ఉన్న ఊళ్ల గురించి చట్టంలో ప్రత్యేకంగా ఒక వాక్యం ఉండాలి. మీకు రాయగడ నుంచి కొఠియా మరీ దూరం కాదు. ఒడిశాలోని పొట్టంగి బ్లాకు, ఆంధ్రలోని సాలూరు మండలం మధ్య ఇరవయ్యొక్క ఊళ్లు, ఎక్కువమంది కోందు గిరిజనులు. 1968లోనే కోర్టుకెక్కినా గీత ఎక్కడో తేలలేదు. జనం దగ్గర రెండు రాష్ట్రాల రేషను కార్డులు, రెండు ఓటరు కార్డులు. 2021 ఫిబ్రవరిలో మూడు ఊళ్లలో ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారం కింద సుప్రీంకోర్టుకు వెళ్లింది. మహారాష్ట్ర, తెలంగాణ మధ్య జివతి తాలూకా, కెరమెరి మండలం దగ్గర పద్నాలుగు ఊళ్లదీ ఇదే కథ. అలాంటి చోట బడి ముందు ఉండే జెండా దిమ్మ ఒక్కటే. ఇవాళ ఏ రాష్ట్రం అధికారి వచ్చినా అదే త్రివర్ణాన్ని ఎగరేస్తాడు, కాబట్టి దిమ్మ దగ్గర తగువు లేదు. రేపు రెండు రాష్ట్ర జెండాలు వస్తే పొద్దున్న ఒకరు కడతారు, మధ్యాహ్నం ఇంకొకరు విప్పుతారు, మధ్యలో ఆ ఊరి కోందు పిల్లలు నలిగిపోతారు. సరిహద్దు తేలేదాకా వివాదంలో ఉన్న ఊళ్లలో జాతీయ జెండా తప్ప ఏ రాష్ట్ర జెండా ఎగరకూడదని చట్టంలోనే రాయాలి. ఈ ఒక్క వాక్యం లేని రాష్ట్ర జెండా చట్టాన్ని నేను సమర్థించను.

మరి మీ వీధి జెండా. కుర్రాళ్ల ఉక్రోషం నాకు అర్థమవుతుంది. తెలుగు బడిలో టీచరు పోస్టు ఖాళీ అయితే నింపరు, పుస్తకాలు పరీక్షల ముందు వస్తాయి, అడిగితే ఆంధ్రకు పొమ్మని ఎవరో ఒకరు అంటారు. మా వీధి పిల్లల విషయంలోనూ ఇవన్నీ చూశాను, కోపం వచ్చింది. కాని ఉత్కళ దివస్ నాడు పోటీ జెండా కడితే ఏమవుతుందో బెళగావి చూపించింది. పక్కింటి ఒడియా పెద్దాయన, ఇన్నాళ్లూ మీ బడి కోసం మీతో కలిసి సంతకం పెట్టినాయన, ఆ రోజు నుంచి పెట్టడు. పైగా తెలుగు జెండా అన్నది ఏదీ లేదు. ఆంధ్రకు లేదు, తెలంగాణకు లేదు. మీరు కుట్టించేది మీ నలుగురి ఊహ. త్రివర్ణం మాత్రం మనదే. దాని నమూనాను 1921లో విజయవాడలో గాంధీగారి చేతికిచ్చిన పింగళి వెంకయ్య గారు మన భట్లపెనుమర్రువాడే. ఆ రోజు కట్టాలనిపిస్తే దాన్ని కట్టండి, ఉత్కళ దివస్ సభకు వెళ్లి ముందు వరసలో కూర్చోండి.

ఉక్రోషాన్ని మాత్రం వృథా చేయకండి, కాగితం మీద పెట్టండి. మన చేతిలో ఉన్న హక్కులు చాలామందికి తెలియవు. రాజ్యాంగం 350ఎ అధికరణ ప్రకారం భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పేందుకు తగిన సదుపాయాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలి. దాన్ని 1956లో ఏడో సవరణతో చేర్చారు. ఎంతమంది పిల్లలుంటే టీచర్ని ఇవ్వాలన్నది 1949లోనే విద్యామంత్రుల సమావేశం తేల్చింది: బడి మొత్తం మీద నలభై మంది, లేదా ఒక తరగతిలో పది మంది ఆ భాష పిల్లలుంటే ఆ భాష టీచరు కనీసం ఒకరు ఉండాలి. ఒక ప్రాంతంలో జనాభాలో పదిహేను నుంచి ఇరవై శాతం ఒక భాషవాళ్లుంటే ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు ఆ భాషలోనూ వేయాలని 1956 నాటి కేంద్ర మెమొరాండం చెబుతుంది. వీటి అమలును చూడటానికి 350బి కింద భాషా మైనారిటీల కమిషనర్ ఉన్నారు, ఆయన నివేదిక రాష్ట్రపతి ద్వారా పార్లమెంటు ముందుకు వెళుతుంది.

కాబట్టి జెండా గుడ్డకు పోగేసిన డబ్బులతో ఫొటోస్టాట్లు తీయించండి. మీ వీధిలో, పక్క వీధుల్లో తెలుగు ఇళ్లు తిరిగి, బడి వయసు పిల్లల పేర్లు, తరగతులు, ఏ బళ్లో చదువుతున్నారో ఒక జాబితా రాయండి. ఒక్కో బడికి ఒక్కో కాగితం. నలభై దాటిన బడి, పది దాటిన తరగతి పక్కన గుర్తు పెట్టండి. ఆ జాబితాతో జిల్లా విద్యాధికారికి ఒక అర్జీ, కలెక్టరుకు ఒక కాపీ, భాషా మైనారిటీల కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో ఇంకో కాపీ పంపండి. అర్జీ ఒడియాలో రాయించి, కింద ఇంగ్లీషు జత చేయండి. అందిన రసీదు నంబరు జాగ్రత్తగా పెట్టుకోండి. రెండు నెలల్లో జవాబు రాకపోతే ఆ నంబరు మీద సమాచార హక్కు కింద అర్జీ ఏ దశలో ఉందో అడగండి. ముసాయిదా రాశాక నాకు పంపితే చూసిపెడతాను.